సెల్లు పోతే డబ్బ పోయినట్టేనా?

మొన్న ఎండాకాలంలో ఊరెళ్ళినప్పుడు మా తాత నన్నొక ప్రశ్న అడిగాడు. ఆరేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, ఇంటర్వ్యూల్లో బోలెడు తిక్క ప్రశ్నలకి జవాబులు చెప్పాను. దీనికి మాత్రం నీళ్ళు నమిలాను.

మాది సురంగల్. ఆ పేరు చెప్తే ఆఫీసులో ఎవరికీ తెలీదు. "చిలుకూరు బాలాజీ తెలుసు కదా, అదే మొయినాబాద్ మండలం" అంటే మాత్రం అందరికీ వెంటనే వెలుగుతుంది. వీసా కోసం ప్రదక్షిణలు చేయని సాఫ్ట్‌వేర్ వాడెవడు మరి :)

కిందటి దసరాకి తాతకి జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ ఒకటి కొనిచ్చాను. మెమొరీ కార్డులో పాత సినిమా పాటలు, ఒగ్గు కథలు నింపిచ్చా. పొలానికి పోయినా, మంచం మీద పడుకున్నా అదే లోకం ఆయనకి. సరిగ్గా ఏడు నెలలకి దాని వీపు పొంగింది. ఫుల్లుగా ఛార్జింగ్ పెట్టినా పది నిమిషాలు పాడి ఆగిపోతోంది. సర్వీస్ సెంటరుకి తీసుకెళ్తే కుర్రాడు చూసి, "ప్లేయర్‌కి సంవత్సరం వారంటీ సార్, బ్యాటరీకి ఆర్నెల్లే. బ్యాటరీ విడిగా రాదు. కొత్తది తీస్కోండి, ఆఫరుంది" అన్నాడు.

ఆ సంగతి తాతకి చెప్తే ఆయన అడిగిందిదీ: "సెల్లు పోతే డబ్బ పోయినట్టేనా బిడ్డా? నా రేడియోకు ఎన్ని సెల్లు మార్చిన్నో లెక్కుందా?"

ఇంజినీరుని కదా, ఏదో ఒకటి చెప్పాలి. "ఇప్పటివి అట్లనే ఉంటయి తాతా" అన్నాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకే ఈ "ఇప్పటివి అట్లనే" అన్నది ఎప్పుడు మొదలైందో, ఎలా మొదలైందో కాస్త వెనక్కి వెళ్ళి చూశాను.

జేబులో పట్టే సంగీతం అనే మాట మొదలైంది ట్రాన్సిస్టర్‌తో. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1954లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే రేడియో మార్కెట్లోకొచ్చింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, ధర 49.95 డాలర్లు. దానిలో వాడింది 22.5 వోల్టుల ప్రత్యేకమైన బ్యాటరీ. తర్వాతొచ్చిన రేడియోలు మామూలు టార్చిలైటు సెల్లుల దారి పట్టాయి. మా తాత రేడియో ఆ జాతిదే. 1978లో ఆబిడ్స్‌లో కొన్నాడట. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టాలి. రేడియో ఒకసారి కొన్నాడు, లైసెన్సు కొన్నేళ్ళు కట్టాడు, సెల్లులు మాత్రం లెక్కలేనన్ని కొన్నాడు.

ఆ సెల్లుల్లో చాలావరకు మన నెల్లూరువే. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ, జపాన్‌కి చెందిన మత్సుషితా సహకారంతో నెల్లూరులో తయారుచేసిన నిప్పో సెల్లులు తెలుగు ఊళ్ళలో కిరాణా కొట్టుకొక డబ్బా ఉండేవి. ఈ మత్సుషితా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ సెల్లు లోపలి సంగతి చిన్నప్పుడు అందరం పగలగొట్టి చూసిందే. మధ్యలో నల్లటి కార్బన్ కడ్డీ, చుట్టూ నల్లటి పొడి, బయట జింకు డొక్కు. తమాషా ఏంటంటే ఆ జింకు డొక్కు ఉత్తి డబ్బా కాదు, సెల్లు నెగటివ్ కొస అదే. కరెంటు ఇస్తున్న కొద్దీ అది కరిగిపోతుంది. అందుకే అయిపోయిన సెల్లుని రేడియోలోనే వదిలేస్తే డొక్కు చిల్లుపడి రసం కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. మా తాత వాటిని సాండ్ పేపర్‌తో రుద్ది మళ్ళీ నడిపించేవాడు. సెల్లు నీరసిస్తే గోడ మీద ఎండలో పెట్టేవాడు. అది మూఢనమ్మకం కాదు. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం వేగం పుంజుకుంటుంది, ఇంకో గంటో రెండు గంటలో వార్తలు వినొచ్చు.

మన భాషలో చెప్పాలంటే, రేడియోకీ సెల్లుకీ మధ్య ఒక స్టాండర్డ్ ఇంటర్‌ఫేస్ ఉంది. ఏ కంపెనీ సెల్లయినా అదే సైజు, అదే 1.5 వోల్టులు. తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కొత్త సెల్లు వేస్తే పాడిందా, పాత సెల్లుది తప్పు. పాడలేదా, రేడియోది. ఆ పరీక్ష చేసే శక్తి కొన్నవాడి చేతిలో ఉండేది. అసలు విషయం ఇదే, మిగతా చరిత్రంతా ఈ శక్తి ఎలా జారిపోయిందన్నదే.

1979 జులై 1న సోనీ కంపెనీ జపాన్‌లో వాక్‌మన్ విడుదల చేసింది. ధర 33,000 యెన్లు, నడిచేది రెండు పెన్సిల్ సెల్లుల మీద. మన ఊళ్ళకి క్యాసెట్ యుగం ఎక్కువగా గల్ఫ్ దారిలో వచ్చింది. మా మేనమామ దుబాయ్ నుంచి టేప్ రికార్డర్, ఒక చిన్న వాక్‌మన్ తెచ్చాడు. దాంతో పాటు వారంటీ కార్డు కూడా వచ్చింది, చాలా అందంగా ఉండేది. కానీ అక్కడి దుకాణం ముద్ర ఉన్న కార్డుకి ఇక్కడ విలువేముంది? బెల్టు లూజయినా, రీలు చుట్టుకున్నా, హెడ్డుకి మురికి పట్టినా మొయినాబాద్‌లో రేడియో రిపేరు షాపే సర్వీస్ సెంటర్.

అన్నట్టు, చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే వారంటీ అనే మాట ఉంది. కానీ మూలసూత్రం మాత్రం "చూసుకుని కొనుక్కోవడం కొనేవాడి బాధ్యత" అన్నదే. దానికి కొన్ని మినహాయింపులున్నా, అవి కావాలంటే సివిల్ కోర్టుకెక్కాలి. టేప్ రికార్డర్ కోసం సివిల్ కోర్టుకి ఎవడెళ్తాడు? 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చి జిల్లాకో ఫోరం పెట్టాక, వకీలు లేకుండా కూడా ఫిర్యాదు చేసే దారి ఏర్పడింది. అంటే క్యాసెట్ల కాలంలో వస్తువు మన చేతిలోనే ఉంది, చట్టం కూడా కాస్త మనవైపు జరిగింది. మంచి రోజులే.

తర్వాత ఎంపీ3 వచ్చింది. 1998లో వచ్చిన డైమండ్ రియో పీఎంపీ300లో 32 ఎంబీ మెమొరీ ఉండేది, అంటే ఒక గంట పాటలు గగనం. అయినా అది కూడా నడిచేది ఒక్క పెన్సిల్ సెల్లు మీదే! అప్పటిదాకా తాత సూత్రం చెక్కుచెదరలేదు.

మారింది 2001 అక్టోబర్‌లో. ఆపిల్ ఐపాడ్ వచ్చింది. 5 జీబీ, వెయ్యి పాటలు, 399 డాలర్లు, పది గంటల బ్యాటరీ. ఆ బ్యాటరీ లోపల ఉంది, మూత లేదు. దీనికి కారణాలు ఉన్నాయి, ఊరికే తిట్టి లాభం లేదు. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ బరువు తక్కువ, శక్తి ఎక్కువ. కానీ సున్నితం. మరీ ఎక్కువ ఛార్జయినా, షార్టయినా, గుచ్చుకున్నా మంటలు రావచ్చు, దానికి కాపలా సర్క్యూట్ కావాలి. మూత, స్ప్రింగులు తీసేస్తే ప్లేయర్ సన్నగా వస్తుంది. అయితే ఈ బ్యాటరీ కూడా సెల్లులాగే అరిగిపోతుంది. కొన్ని వందల ఛార్జింగుల తర్వాత దాని సత్తువ తగ్గడం డిఫెక్టు కాదు, దాని స్వభావం. స్వభావం చేత రెండు మూడేళ్ళలో అరిగేదాన్ని లోపల పెట్టి మూసేస్తే ఏమవుతుంది? ప్లేయర్ ఆయుష్షు బ్యాటరీ ఆయుష్షే అవుతుంది.

ఈ ముక్క గట్టిగా అడిగింది న్యూయార్క్‌లో నైస్టాట్ సోదరులు. ఏడాదిన్నర వాడిన ఐపాడ్ బ్యాటరీ పోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మార్చడానికి 255 డాలర్లు, ఆ డబ్బుతో కొత్తదే కొనుక్కోవచ్చు అన్నారు. అచ్చం మా సర్వీస్ సెంటర్ కుర్రాడి డైలాగే! వాళ్ళు 2003లో దాన్ని చిన్న సినిమాగా తీసి ఇంటర్నెట్‌లో పెడితే లక్షలమంది చూశారు. అదే నవంబర్‌లో ఆపిల్ 99 డాలర్లకి బ్యాటరీ మార్చే పథకం ప్రకటించింది. సినిమా వల్లే అని అనలేం, ఆ పథకం అంతకుముందే తయారవుతోందని కంపెనీ చెప్పింది. తర్వాత కోర్టులో కొనుగోలుదారులు వేసిన కేసు 2005లో రాజీకొచ్చింది. 2004 మే నెలాఖరులోగా కొని బ్యాటరీతో ఇబ్బంది పడ్డవాళ్ళకి 50 డాలర్ల కూపన్ లాంటి పరిహారాలు దక్కాయి. పెద్ద డబ్బేం కాదు. కానీ "బ్యాటరీ మీ ఖర్మ" అనే మాట కంపెనీ వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

ఇక మన దగ్గరి కథ. 2007 ఆగస్ట్ గుర్తుందా? నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగులో వేడెక్కుతున్నాయని కంపెనీ ప్రకటించింది. నేనప్పుడు బడిలో ఉన్నా. ఫోన్లు బాంబుల్లా పేలతాయని పుకారు పుట్టి, ఇళ్ళల్లో జనం ఫోన్ ఎత్తాలంటే భయపడ్డారు. అసలు సంగతి: 2005 డిసెంబర్ నుంచి 2006 నవంబర్ దాకా మత్సుషితా తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలలో కొన్నింటికి షార్టయ్యే లోపం. ప్రపంచం మొత్తం మీద అప్పటికి తేలిన ఘటనలు ఓ వంద. అవునండీ, నెల్లూరు సెల్లుకి సాంకేతిక సాయం చేసిన మత్సుషితాయే.

ఆ గొడవ ఎలా తీరిందో చూడండి. ఫోన్ వెనక మూత తియ్యి, బ్యాటరీ వెనక ఉన్న 26 అక్షరాల నంబర్ చూడు, లిస్టులో ఉంటే ఆ బ్యాటరీ మార్చుకో. ఫోన్ నీ దగ్గరే ఉంటుంది. దీని పక్కన 2011 నవంబర్ నాటి ఇంకో కథ పెట్టండి. 2005 సెప్టెంబర్ నుంచి 2006 డిసెంబర్ మధ్య అమ్మిన మొదటి తరం ఐపాడ్ నానోల బ్యాటరీలు వేడెక్కుతున్నాయని ఆపిల్ వెనక్కి పిలిచింది. లోపం బ్యాటరీదే అయినా ప్లేయర్ మొత్తం పంపాలి. రెండూ ఒకే రకం లోపం. ఒకదాంట్లో సెల్లు మారింది, ఇంకోదాంట్లో డబ్బ మారింది. తాత ప్రశ్నకి చరిత్ర ఇచ్చిన జవాబు అదీ.

సరే, మళ్ళీ సురంగల్‌కి వద్దాం. కథలో చిన్న మెలిక ఉంది, దాచను. పొంగిన ప్లేయర్ సంగతి అడుగుతుంటే తాత మెల్లగా చెప్పాడు: "తొందరగ బంద్ అయితుందని గోడ మీద ఎండల పెట్టిన." నలభై ఏళ్ళ అలవాటు! జింకు సెల్లుకి ప్రాణం పోసిన ఎండే లిథియం బ్యాటరీకి విషం. మే నెల ఎండలో పెడితే లోపల గ్యాస్ పుట్టి పొంగడానికి అది చాలు. మరి తప్పు ఆయనదా? ఎండలో పెట్టకూడదన్న మాట డబ్బాలో వచ్చిన కాగితం మీద ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయనకి చెప్పాల్సినవాణ్ణి నేను, నేనూ చెప్పలేదు. అయితే త్వరగా ఆగిపోవడం ఎండకి ముందే మొదలైంది, అందుకే కదా ఎండలో పెట్టాడు.

బిల్లు దొరికింది. 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఎండ సంగతి కూడా దాచకుండా చెప్పాను. మూడు వారాలకి కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "ఈ ఒక్కసారికి" అంటూ బ్యాటరీ ఉచితంగా మార్చిచ్చారు. విడిగా రాదన్న బ్యాటరీ ఎక్కడ్నుంచి ఊడిపడిందో అడగలేదు :)

వాళ్ళు ఒప్పుకోకపోతే రంగారెడ్డి జిల్లా కమిషన్‌కి వెళ్దామనుకున్నా. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉన్న చోటే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ళ గడువుంది, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో తప్పే. కాబట్టి ఏది కొన్నా మూడు పనులు చేయండి. బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి. వారంటీలో బ్యాటరీకి విడిగా ఎన్ని నెలలో అడగండి. ఆ బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో కొనకముందే అడగండి. మూడో ప్రశ్నకి షాపువాడు మొహం చూస్తే, మీరు కొంటున్నది వస్తువు కాదు, కొంత కాలం అద్దెకి తీసుకుంటున్నారని అర్థం. ఇంకో మాట, పొంగిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, మళ్ళీ ఛార్జింగ్ పెట్టకండి.

యూరప్‌లో 2023లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని, కొన్ని మినహాయింపులు తప్ప, కొన్నవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దేశంలో 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టారు, అంతటి చట్టం ఇంకా రావాలి. చుట్టూ తిరిగి ప్రపంచం మా తాత దగ్గరికే వస్తోందన్నమాట.

ప్లేయర్ ఇప్పుడు గోడ మీద ఉండదు. ఇంట్లో నీళ్ళ కుండ పక్కన, చల్లటి గూట్లో పెడుతున్నాడు. పాత రేడియో కూడా అదే గూట్లో ఉంది. నేను చూస్తుండగానే దాని వెనక మూత తీసి, స్ప్రింగులు రుద్ది, రెండు కొత్త సెల్లులు వేశాడు. కాస్త గరగరలాడి పాడింది.