బ్యాడ్జ్ ఇంజనీరింగ్ (ఎస్‌యూవీలు)

ఒక సంస్థ రూపొందించిన వాహనాన్ని స్వల్ప మార్పులతో మరొక సంస్థ పేరు, చిహ్నం తగిలించి అమ్మడాన్ని బ్యాడ్జ్ ఇంజనీరింగ్ అంటారు. కార్లు, వ్యానులు, ట్రక్కులు అన్నింటిలోను ఈ పద్ధతి ఉన్నది. స్పోర్ట్ యుటిలిటీ వాహనాలలో (ఎస్‌యూవీ) దీని వాడకం విస్తృతం. భారతదేశంలో రెనో డస్టర్ - నిస్సాన్ టెరానో, మారుతీ సుజుకీ విటారా బ్రెజా - టొయోటా అర్బన్ క్రూయిజర్ జంటలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణలు.

విధానం

ఈ పద్ధతిలో వాహనపు ఉక్కు చట్రం, తలుపులు, పైకప్పు, అద్దాలు, ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షన్ సాధారణంగా యథాతథంగా ఉంటాయి. ముందు గ్రిల్, బంపర్లు, దీపాల ఆకృతి, చక్రాల డిజైను, సీట్ల రంగు, స్టీరింగుపై చిహ్నం వంటివి మాత్రమే మారుతాయి. రెండు పేర్ల వాహనాలు చాలావరకు ఒకే కర్మాగారంలో తయారవుతాయి.

కారణాలు

కొత్త వాహనాన్ని రూపొందించడానికి, శరీర భాగాలను అచ్చొత్తే డైలను తయారు చేయించడానికి భారీగా పెట్టుబడి కావాలి. ఒకే వాహనాన్ని రెండు సంస్థలు అమ్మినపుడు ఆ ఖర్చు ఎక్కువ వాహనాలపై పంపిణీ అవుతుంది. తయారు చేసిన సంస్థకు కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడుస్తుంది. కొనుగోలు చేసిన సంస్థకు తన వద్ద లేని తరగతి వాహనం తక్కువ కాలంలో షోరూములకు చేరుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన నాష్ సంస్థ 1925లో ఎజాక్స్ పేరుతో ఒక కారును విడుదల చేసింది. 1926లో అదే కారు పేరును నాష్ లైట్ సిక్స్‌గా మార్చింది. అప్పటికే ఎజాక్స్ కొన్నవారికి పేరు మార్చుకొనేందుకు కావలసిన చిహ్నాలు, రేడియేటర్ తొడుగు వంటి భాగాలను ఉచితంగా ఇచ్చింది.

ఎస్‌యూవీలలో ఎక్కువ పేర్లతో అమ్ముడైన వాటిలో జపాన్‌కు చెందిన ఈసుజు ట్రూపర్ ఒకటి. 1981లో మొదలైన ఈ వాహనం కాలక్రమంలో హోల్డెన్ జాకరూ, ఓపెల్ మాంటెరే, సుబారు బిగ్‌హార్న్, హోండా హొరైజన్, అక్యూరా ఎస్ఎల్ఎక్స్ పేర్లతో వివిధ దేశాలలో అమ్ముడైనది. 1996లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ట్రూపర్ బోల్తా పడే అవకాశం ఉన్నదని, అది ఆమోదయోగ్యం కాదని ప్రకటించినపుడు హోండా వారి అక్యూరా ఎస్ఎల్ఎక్స్‌కు కూడా అదే మాట వర్తించింది. ఈసుజు ఈ పరీక్షను తప్పుపట్టి దావా వేసింది. 2000లో జూరీ నష్టపరిహారం మంజూరు చేయలేదు. ఒకరి వాహనంపై వచ్చిన నింద మరొకరి పేరును కూడా తాకుతుందని ఈ ఉదంతం తెలిపింది.

భారతదేశంలో

* షెవర్లే ఫారెస్టర్: జపాన్ నుండి దిగుమతి అయిన సుబారు ఫారెస్టర్‌ను జనరల్ మోటార్స్ ఈ పేరుతో అమ్మింది.
* రెనో డస్టర్ - నిస్సాన్ టెరానో: డస్టర్ 2012లో, టెరానో 2013లో విడుదలయ్యాయి. రెండూ చెన్నై సమీపంలోని ఒరగడం కర్మాగారంలో తయారయ్యాయి. టెరానో ధర డస్టర్ కంటే ఎక్కువగా ఉండేది.
* విటారా బ్రెజా - అర్బన్ క్రూయిజర్: 2016లో వచ్చిన బ్రెజాను టొయోటా 2020 సెప్టెంబరు నుండి 2022 వరకు అర్బన్ క్రూయిజర్‌గా అమ్మింది. రెండింటినీ మారుతీ సుజుకీయే తయారు చేసింది.
* గ్రాండ్ విటారా - అర్బన్ క్రూయిజర్ హైరైడర్: 2022లో వచ్చిన ఈ జంటలో దిశ మారింది. వేదిక సుజుకీది. పూర్తి హైబ్రిడ్ రకాలకు ఇంజను, హైబ్రిడ్ వ్యవస్థ టొయోటావి. మొదట రెండూ కర్ణాటకలోని బిడదిలో టొయోటా కర్మాగారంలో తయారయ్యాయి.
* ఫ్రాంక్స్ - అర్బన్ క్రూయిజర్ టైసర్: మారుతీ ఫ్రాంక్స్ 2023లో, టొయోటా టైసర్ 2024లో విడుదలయ్యాయి.

సుజుకీ, టొయోటా సంస్థలు భారతదేశంలో వాహనాలను పరస్పరం సరఫరా చేసుకొనేందుకు 2018లో అంగీకరించాయి. దీని ప్రకారం వచ్చిన మొదటి వాహనం ఎస్‌యూవీ కాదు, 2019 నాటి టొయోటా గ్లాంజా. ఇది మారుతీ బాలెనోకు మరో రూపం.

వేదిక పంచుకోవడంతో తేడా

రెండు వాహనాలు ఒకే వేదికపై, ఒకే ఇంజనుతో తయారైనంత మాత్రాన అది బ్యాడ్జ్ ఇంజనీరింగ్ కాదు. ఆంధ్ర ప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద (అప్పటి అనంతపురం జిల్లా, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) కియా కర్మాగారంలో 2019 నుండి తయారైన సెల్టోస్‌కు, తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు వద్ద 2020లో మొదలైన రెండవ తరం హ్యుందాయ్ క్రెటాకు అంతర్గత నిర్మాణం, ఇంజన్లు చాలావరకు ఒక్కటే. కియాలో హ్యుందాయ్ ప్రధాన వాటాదారు. అయినా వీటి బాహ్య శరీర భాగాలు, లోపలి డ్యాష్‌బోర్డు వేరువేరుగా రూపొందాయి. కాబట్టి వీటిని వేదికను పంచుకొన్న వాహనాలుగా పరిగణిస్తారు.

కొనుగోలుదారులపై ప్రభావం

వాహనం ఒకటే అయినా ధర, వారంటీ, సర్వీసు కేంద్రాల సంఖ్య, తిరిగి అమ్మినపుడు వచ్చే విలువ పేరును బట్టి మారవచ్చు. ఉదాహరణకు 2022లో హైరైడర్‌కు 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్ల వారంటీ ఉండగా, గ్రాండ్ విటారాకు 2 సంవత్సరాలు లేదా 40,000 కిలోమీటర్లు ఉండేది. 2024 జూలైలో మారుతీ కూడా తన సాధారణ వారంటీని 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది.

పేరు మారినా లోపం మారదు. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగు నియంత్రణ పరికరంలో లోపం ఉండవచ్చుననే కారణంతో మారుతీ సుజుకీ బ్రెజా, బాలెనో, గ్రాండ్ విటారా సహా 17,362 వాహనాలను వెనక్కు పిలిపించింది. భాగం మార్చేవరకు వాహనం నడపవద్దని యజమానులకు సూచించింది. అదే నెలలో టొయోటా 1,390 గ్లాంజా, హైరైడర్ వాహనాలను అదే కారణంతో పిలిపించింది. ఎయిర్‌బ్యాగు ప్రాణరక్షణకు సంబంధించినది. కాబట్టి ఇటువంటి వాహనం కలవారు, పాతది కొనదలచినవారు తమ సంస్థ ప్రకటనతో పాటు జంట వాహనంపై వెలువడిన రీకాల్ ప్రకటనలను కూడా చూసి, చాసిస్ నంబరు ఆధారంగా తమ సంస్థ వద్ద విచారించుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* మారుతీ సుజుకీ
* టొయోటా
* కియా
* పెనుకొండ