ఆంధ్ర విశ్వకళాపరిషత్తు: ఔషధశాస్త్ర విద్య

వైద్యుడు వ్రాసిన మందు రోగికి చేరులోపల దానిని తయారుచేయువారు, తూచువారు, పరీక్షించువారు కలరు. వారిలో నొకరి చేయి తప్పినను వైద్యుని నేర్పు వ్యర్థమగును. ఈ సత్యమును మన దేశము గుర్తించుటకు చాలకాలము పట్టినది. మందులు కలుపుట కాంపౌండర్లు చూచి నేర్చుకొను పనిగానే బహుకాలము సాగెను.

1930లో భారత ప్రభుత్వము కర్నల్ రామనాథ చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘమును నియమించెను. విపణిలో కల్తీమందులు విరివిగా నున్నవనియు, ఈ వృత్తికి శాస్త్రీయ శిక్షణ యవసరమనియు ఆ సంఘము మరుసటి యేట నివేదించెను. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్ ఈ విద్యకు బీజము నాటిరి. 1937లో అచట బి.ఫార్మ్ తరగతు లేర్పడెను. గుజరాతు సీమలో అహమ్మదాబాదున ఎల్.ఎం. ఫార్మసీ కళాశాల 1947లో వెలసెను. మరుసటి యేట ఫార్మసీ చట్టము వచ్చెను.

వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఔషధశాస్త్ర శాఖ 1951లో ప్రారంభమయ్యెను. అప్పటి ఉపాధ్యక్షులు డాక్టరు వాసిరెడ్డి శ్రీకృష్ణ. అయితే దీని పునాది యంతకు పూర్వమే పడినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా నున్న కాలమున, 1934లో, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్ర శాఖాధిపతిగా వచ్చిరి. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ కడ పరిశోధన చేసిన ఆయన, వాల్తేరున పత్తిపూల వర్ణద్రవ్యములను శోధించిరి. ఔషధ రసాయన బోధనకు పాదుచేసిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై బాంబులు పడగా విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలవలసివచ్చెను. ఆ యిక్కట్లలోను పరిశోధన ఆగలేదు. 1949లో శేషాద్రి ఢిల్లీ కేగిరి గాని, వారు పెట్టిన ఒరవడి నిలిచినది.

నూతన శాఖ తొలినాళ్ళలో దానికి పేరు తెచ్చిన ఆచార్యులలో ఎస్. రంగస్వామి ముఖ్యులు. వీరు స్విట్జర్లాండులో, 1950లో నోబెల్ బహుమానమందిన రైక్‌స్టైన్‌తో కలిసి, గన్నేరులోని గ్లైకోసైడులను పరిశీలించిరి. గన్నేరుపప్పు ప్రాణము తీయునని మన పల్లెలలో నెరుగనివారు లేరు. అందలి ద్రవ్యములు గుండెపై పనిచేయును. మితముగా వాడిన బలమిచ్చును, మీరిన కొట్టుకొనుటనే ఆపును. మందునకు, విషమునకు నడుమ నున్నది మోతాదు మాత్రమే. ఆ మోతాదును నిర్ణయించుటకు మొదట ద్రవ్యమును వేరుచేసి, శుద్ధిచేసి, గుర్తింపవలెను. ఔషధశాస్త్రము రసాయనశాస్త్రము ప్రక్కనే పెరుగుటలోని యౌచిత్య మిదియే.

నేడా శాఖ ఔషధశాస్త్ర కళాశాలగా వెలయుచున్నది. తాపీ ముఖద్వారమున హజీరాలో నివసించు తెలుగువారికి చేరువనే, అంకలేశ్వరము, వాపి వాడలలో ఔషధ రసాయనములు రాసులుగా తయారగుచున్నవి. యంత్రములెంత పెరిగినను, తూచుచేతికి శాస్త్రజ్ఞానము, ధర్మబుద్ధి రెండును కావలెను. ఆ రెంటిని ఒక్కచోట నేర్పుటయే ఈ విద్యాలయముల పరమార్థము.