పలనాడులో 'నాడు'

2022 ఏప్రిల్ 4న ఒకప్పటి తాలూకా పేరు జిల్లా పేరైంది. నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ఏర్పడింది. ఈ పేరు మీద వాదులాట అంతా 'పల' గురించే. పల్లవుల నాడా, పల్లెల నాడా, పాలలాంటి తెల్లరాతి నాడా? ఈ సీమలోని మంచికల్లులో పల్లవ సింహవర్మ ప్రాకృత శాసనం దొరికింది కనుక నా మొగ్గు మొదటిదాని వైపే. అయితే ఎవరూ పట్టించుకోని 'నాడు' చరిత్ర అంతకంటే పెద్దది.

దొరికినంతలో తొలి తెలుగు శాసనం కలమళ్లది, క్రీ.శ. 575 ప్రాంతంది. ధనంజయుడు 'రేనాణ్డు' ఏలుతున్నాడని అందులో ఉంది. తెలుగు శాసనాలకెక్కిన తొలి రోజుల్లోనే ఈ మాట ఉందన్నమాట! తర్వాత వెలనాడు, పాకనాడు, వేగినాడు వచ్చాయి. ఆ ఏలికలు పోయినా వెలనాట్లు, వేగినాట్లు అని బ్రాహ్మణ శాఖల పేర్లలో అవి నిలిచాయి.

తమిళంలో నాడు అంటే సాగైన నేల, కాడు అంటే అడవి. మనకు ఆ కాడు వల్లకాడుగా మిగిలింది. చోళుల కాలంలో కొన్ని ఊళ్లు కలిస్తే ఒక నాడు, దాని పెద్దలు నాట్టార్లు. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడైంది. గల్ఫ్‌లో ఉన్న మలయాళీ 'నాట్టిల్' అన్నాడంటే సొంతూళ్లో అని.

రోజు అనే అర్థమున్న నాడు వేరు. అది తమిళ 'నాళ్'కూ, రేపు అనే కన్నడ 'నాళె'కూ చుట్టం. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు ఈ రెండు 'నాడు'లనూ వేర్వేరు ధాతువుల కింద చూపుతుంది. తెలుగు నోట మాత్రం రెండూ ఒకటైపోయాయి. పలనాటి, ఆనాటి ఒకే అచ్చు. 1974లో విశాఖలో మొదలైన 'ఈనాడు' పేరులో ఈ రోజూ వినిపిస్తుంది, ఈ నేలా వినిపిస్తుంది.

నేల అర్థం మన రోజువారీ మాటల్లో చాలావరకు పోయి 'నాటు'లో దాక్కుంది. మన నాటుకోడి తమిళులకు నాట్టుక్కోళి, కన్నడిగులకు నాటికోళి. గురజాల, మాచర్ల పగ కోడిపందెంతో ముదిరి, 1182 ప్రాంతంలో కారంపూడి యుద్ధందాకా పోయిందని పలనాటి వీరగాథ చెబుతుంది. అలాంటి సీమలో కూడా నాటు అంటే మోటు అన్నట్టు చిన్నచూపుతో వాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నాటుకోడి అంటే మన నాటి కోడి, ఈ నేలమీద పుట్టి పెరిగిన కోడి.