నొప్పుల మందుకు వాసననిచ్చిన మొక్క

నడుం పట్టేసినప్పుడు రాసుకునే మందు డబ్బాను తిప్పి చూస్తే, చాలావాటి మీద ‘గంధపుర తైలం’ అని కనిపిస్తుంది. ఆ ఘాటు వాసన మిథైల్ సాలిసిలేట్‌ది. దాన్ని లోకానికి పరిచయం చేసింది ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో కనిపించే, జానెడు ఎత్తు కూడా పెరగని వింటర్‌గ్రీన్ మొక్క. పైన్ చెట్ల నీడన నేలబారుగా పాకుతుంది. మంచు కప్పేసినా ఆకు రాల్చదు. వేసవిలో చిన్న బుడ్డీల్లాంటి తెల్లపూలు పూసి, చలికాలమంతా ఎర్రని పండ్లతో ఉంటుంది.

అక్కడి ఆదివాసులు ఒళ్లునొప్పులకు, జ్వరానికి ఈ ఆకు కషాయం తాగేవారు. బ్రిటిష్ పన్నుల మీద కోపంతో తేయాకు మానేసిన వలసవాసులూ దీన్ని కాచుకుని తాగారు. 1749లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు పేర్ కాల్మ్ క్యుబెక్ వెళ్లినప్పుడు, అక్కడి రాజవైద్యుడు గోతియే ఆయనకు మొక్కల సేకరణలో సాయపడ్డాడు. గోతియే పేరు మీదే ఈ మొక్క గాల్తేరియా అయింది. 1753లో లినేయస్ గ్రంథానికెక్కింది.

1843లో ఫ్రెంచి రసాయనవేత్త కావూర్ ఈ ఆకు నూనెలోని ప్రధాన పదార్థం మిథైల్ సాలిసిలేట్ అని గుర్తించాడు. ఆకులో అది విడిగా ఉండదు, చక్కెరతో కలిసి ఉంటుంది. నలిపిన ఆకును గోరువెచ్చని నీటిలో నానబెడితే ఎంజైములు దాన్ని విడదీస్తాయి. అప్పుడే బట్టీ పెడతారు. తర్వాత స్వీట్ బిర్చ్ బెరడు నుంచీ తీశారు. ఇప్పుడు ఎక్కువభాగం కర్మాగారాల్లోనే తయారవుతోంది. మన గంధపుర తైలానికి మూలం మాత్రం నీలగిరుల్లో, ఖాసీ కొండల్లో పెరిగే వింటర్‌గ్రీన్ దాయాది పొద, గాల్తేరియా ఫ్రాగ్రాంటిసిమా.

వింటర్‌గ్రీన్ పెంచాలంటే అడవి నేలను తలపించే మన్ను కావాలి. పీహెచ్ 4.5–6 మధ్య ఉండే ఆమ్ల నేల, కుళ్లిన ఆకుల ఎరువు, సగం నీడ, ఎప్పుడూ ఆరిపోని తడి, పైన పైన్ ఆకుల కప్పు. సున్నం తగిలితే ఆకు పసుపెక్కుతుంది. విత్తనం మొలవాలంటే రెండు మూడు నెలలు చలిలో ఉంచాలి. ఆ తర్వాత మన్ను కప్పకుండా పైపైనే చల్లాలి. అంత ఓపిక లేనివాళ్లు వసంతంలో వేళ్లున్న పిలకలు విడదీసి నాటుకోవచ్చు. మన మైదానాల ఎండకు ఇది నిలవదు. న్యూజెర్సీ, మిచిగన్‌లలో ఉంటున్న తెలుగువాళ్ల పెరట్లో మాత్రం హాయిగా పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త: చెంచాడు నూనెలోని సాలిసిలేట్ దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. కడుపులోకి వెళితే పసిపిల్లల ప్రాణం తీస్తుంది. సీసాను వాళ్లకు అందనిచోట పెట్టండి.