ఖర్చుపద్దులో మనుషులు: జాన్ ఫోర్డ్ ‘దే వర్ ఎక్స్‌పెండబుల్’ చిత్రం – చారిత్రక పరిశీలన

హాలీవుడ్ స్టూడియోల యుగంలో వెలువడిన యుద్ధచిత్రాలలో అధికభాగం విజయగాథలే. ఎం.జి.ఎం. సంస్థ నిర్మించగా జాన్ ఫోర్డ్ దర్శకత్వం వహించిన ‘దే వర్ ఎక్స్‌పెండబుల్’ ఆ వరుసలో ఇమడదు. 1945 ఆరంభంలో ఫ్లోరిడా తీరంలో చిత్రీకరణ జరుపుకున్న ఈ చిత్రం, జపాన్ లొంగిపోయిన తరువాత, అదే సంవత్సరం డిసెంబరులో విడుదలైంది. విజయోత్సవాల వేళ ప్రేక్షకుల ముందుకు వచ్చిన ఈ కథ 1941-42లో ఫిలిప్పీన్స్‌లో అమెరికా చవిచూసిన ఓటమికి సంబంధించినది. దీనిని చారిత్రక ఆధారంగా స్వీకరించవచ్చునా, స్వీకరిస్తే దేనికి ఆధారం అన్నది ఇక్కడి ప్రశ్న.

‘ఎక్స్‌పెండబుల్’ అన్నది సైనిక సరఫరాల లెక్కల్లోని మాట. వాడి ఖర్చు రాసేయదగిన సరుకు అని దాని అర్థం. ఆ మాటను మనుషులకు అన్వయించడంలోనే చిత్రం పదును ఉంది. దీనికి మూలం 1942లో వచ్చిన విలియం ఎల్. వైట్ పుస్తకం. టార్పెడో బోట్ల మూడవ దళాధిపతి జాన్ బల్కెలీ, అతని సహచర అధికారులు చెప్పిన సంగతులే ఆ పుస్తకానికి ఆధారం. చిత్రంలో బల్కెలీ బ్రిక్లీ అయ్యాడు. ఆ పాత్రధారి రాబర్ట్ మాంట్‌గొమరీ యుద్ధకాలంలో స్వయంగా అలాంటి బోటును నడిపినవాడు. రచయిత ఫ్రాంక్ వీడ్ మాజీ నౌకాదళ వైమానికుడు, ఫోర్డ్ మిడ్వే పోరాటాన్ని చిత్రీకరిస్తూ గాయపడినవాడు. టైటిళ్లలో వీరి పేర్ల పక్కన నౌకాదళ హోదాలు కనిపిస్తాయి. ప్రేక్షకునికి అదొక ప్రామాణికతా ముద్ర. పరిశోధకుడు మాత్రం అక్కడే కొంత జాగ్రత్తపడాలి.

ఎందుకంటే చిత్రంలోని పోరాట సన్నివేశాలు చరిత్రకు నిలవవు. తెరపై జపాన్ యుద్ధనౌకలు పేలి మునుగుతాయి. వాస్తవంలో 1942 ఏప్రిల్ 8-9 రాత్రి సెబూ సమీపంలో ‘కుమా’ అనే క్రూయిజర్‌కు తగిలిన టార్పెడో పేలనే లేదు. ఆ నౌక మునగలేదు. మునిగిందని బోట్లవారు నమ్మారు. అబద్ధమాడారనుకోనక్కరలేదు, చీకటిలో, కాల్పుల నడుమ చూసినది అంతే. ఆ నమ్మకం పుస్తకంలోకి, పుస్తకం నుండి తెరపైకి వచ్చింది.

చిత్రం నమ్మదగినదయ్యేది పోరాటం లేనిచోట. 1942 మార్చి 11 రాత్రి మెకార్థర్‌ను కుటుంబంతో సహా కొరెగిడోర్ నుండి తరలించిన ఘట్టంలో సేనానికి పేరైనా ఉండదు. ఆయన వెళ్లిపోతాడు, తక్కినవారు ఉండిపోతారు. చివరి విమానం దగ్గరా అదే వరస. జాబితాలో పేరున్న అధికారులు ఆలస్యంగా రాగానే, వారి చోట కూర్చున్నవారు మారుమాట లేకుండా దిగిపోతారు. ఆజ్ఞ పాటించడం, ఎదురుచూడడం, వదిలివెళ్లడం – ఓడిపోతున్న సైన్యపు దైనందిన జీవితాన్ని ఇంత నిదానంగా చూపిన స్టూడియో చిత్రాలు అరుదు.

అయితే ఆ పద్దులో ఎవరెవరి పేర్లు ఉన్నాయి? 1942 ఏప్రిల్ 9న బతాన్‌లో లొంగిపోయిన సుమారు 75 వేల మందిలో అత్యధికులు ఫిలిపినోలు. చిత్రంలో వారు చాలావరకు నేపథ్యానికే పరిమితం. పెర్ల్ హార్బర్ వార్త తెలిసిన రాత్రి మద్యశాలలో ఒక ఫిలిపినో గాయని కన్నీళ్లతో అమెరికా దేశభక్తి గీతం పాడుతుంది. ఫోర్డ్ దానిని విధేయతగా చూపాడు. వలసపాలనలోని స్త్రీ పాలకుల దేశాన్ని తన దేశమని పాడుతున్నదన్న స్పృహ ఆ కెమెరాకు ఉన్నట్లు తోచదు.

ఈ చిత్రానికి తనకు వచ్చిన పారితోషికాన్ని ఫోర్డ్ తన యుద్ధచిత్రీకరణ దళ సభ్యుల కోసం విశ్రాంతి నిలయం ఏర్పాటుకు వెచ్చించాడు. తనవారి పద్దును అతడు మరువలేదు. విడుదలైన రెండు నెలలకు, 1946 ఫిబ్రవరిలో, అమెరికా చేసిన రెసిషన్ చట్టం ఫిలిప్పీన్ కామన్వెల్త్ సైన్యంలో చేసిన సేవను మాజీ సైనికుల ప్రయోజనాలలో అధికభాగానికి లెక్కలోకి రాని సేవగా నిర్ణయించింది. బతికి ఉన్నవారికి ఏకమొత్తంగా కొంత సొమ్ము చెల్లించే ఏర్పాటు 2009లో గాని జరగలేదు.