ఆ గోతికి కాపలా ఎవరు? బేటీ ఊరి నుంచి వార్డ్ లోయ దాకా



మా హాస్టల్ మేడ మీద ఒక సిమెంటు నీళ్ల ట్యాంకు ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో "శుభ్రం చేసిన తేదీ" అని రాసి ఉంటుంది. పోయినేడు ఆ తేదీ మూడుసార్లు మారింది. ఇనప మూతకు వేసిన తాళం మాత్రం తుప్పు పట్టి అలాగే ఉంది, ఒక్కసారి కూడా తీసింది లేదు. మేము ఎక్కి చూశాం కాబట్టి తెలుసు. కింద ఆఫీసు రూములో రిజిస్టరు తెరిస్తే అన్ని సంతకాలూ ఉంటాయి. తనిఖీకి వచ్చే సారు ఒక్కరే. ఆయన చేతికింద ఎన్నో హాస్టళ్లు. వచ్చే ముందు ఫోన్ వస్తుంది, ఆ రోజు పప్పు చిక్కబడుతుంది. ఆయన్ని తిట్టడానికి ఇది చెప్పట్లేదు. ఒక్క మనిషి ఎన్ని మేడలెక్కుతాడు?

ఈ మధ్య మేము రూములో కూర్చుని అమెరికా ఆదివాసీల గురించి చదువుతుంటే ఆ ట్యాంకే గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో వార్డ్ లోయ అనే ఎడారి చోటును ఐదు తెగలు కాపాడుకున్నాయి. అక్కడ పాతిపెట్టాలనుకున్నది రేడియోధార్మిక చెత్త. ఆ తెగలు ఎందుకంత పట్టుబట్టాయో అర్థం కావాలంటే ముందు పక్క రాష్ట్రం నెవాడాలోని ఒక చిన్న ఊరి కథ తెలియాలి. ఊరి పేరు బేటీ. హిందీ బేటీ కాదు, ఊరి పేరే అది.

దానికన్నా ముందు ఒక మాట. ఈ చెత్తను "తక్కువ స్థాయి వ్యర్థం" అంటారు. వినగానే ఏముందిలే అనిపిస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల్లో వాడి పారేసిన చేతి తొడుగులు, బట్టలు, వడపోత గుడ్డలు, పనిముట్లు, ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో మిగిలినవి ఇవన్నీ ఇందులోకే వస్తాయి. చాలావరకు కొన్నేళ్లకో కొన్ని దశాబ్దాలకో చల్లారిపోతుంది. కానీ అమెరికా చట్టం దీన్ని "ఇది ఫలానా" అని చెప్పలేదు, "ఫలానావి కానిది" అని చెప్పింది. వాడేసిన అణు ఇంధనం కాదు, దాన్ని శుద్ధి చేయగా మిగిలిన ఘాటు వ్యర్థం కాదు, యురేనియం మిల్లు మట్టి కాదు. మిగిలిందంతా ఈ బుట్టలోకే. అందుకే ఈ పేరు కింద వందల ఏళ్లు ఉండేవి కూడా దూరిపోతాయి.

మొదట్లో అక్కడ అణుశక్తి కమిషన్ ఒక్కటే ఉండేది. అణుశక్తిని పెంచేదీ అదే, కాపలా కాసేదీ అదే. 1959లో చట్టం మార్చి, కావాలంటే రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని ఆ కాపలా పనిలో కొంత తీసుకోవచ్చు అన్నారు. అందరికన్నా ముందు 1962లో కెంటకీ ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండానే 1963లో మ్యాక్సీ ఫ్లాట్స్ అనే చోట చెత్త పాతడానికి లైసెన్సు ఇచ్చేసింది. ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖకు ఈ పని ఎంత కొత్తదో ఆలోచించండి. రేడియేషన్ కొలవడం తెలిసినవాళ్లు కావాలి, భూమి పొరల గురించి తెలిసినవాళ్లు కావాలి, లారీ వచ్చినప్పుడల్లా నిలబడి చూసేవాళ్లు కావాలి. లైసెన్సు రాసివ్వడానికి ఒక కాగితం చాలు.

మ్యాక్సీ ఫ్లాట్స్‌లో గోతులు వాననీటితో తొట్టెల్లా నిండాయి. లోపలి పదార్థాలు బయటికి రావడం కనిపించాక 1977లో మూసేశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ వ్యాలీ గోతుల్లోంచి నీళ్లు పైకి ఉబికాక 1975లో మూతపడింది. ఇల్లినాయ్‌లోని షెఫీల్డ్ 1978లో మూతపడింది, తర్వాత అక్కడా ట్రిటియం బయటికి కదిలింది. దేశం మొత్తానికి ఉన్నవి ఆరు గోతులు, అందులో మూడు పోయాయి. ఆ ఆరింటిలో నాలుగు నడిపింది ఒకే కంపెనీ, పేరు న్యూక్లియర్ ఇంజినీరింగ్. 1981లో పేరు మార్చుకుని యూఎస్ ఎకాలజీ అయ్యింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ నాలుగింటిలో ఒకటి బేటీ దగ్గరిది. 1962లో తెరిచారు, ఆ దేశంలో మొదటి ప్రైవేటు అణుచెత్త గొయ్యి అదే. భూమి రాష్ట్రానిది, కౌలు కంపెనీది. 1972లో నెవాడా కూడా ఒప్పందం చేసుకుని కాపలా బాధ్యత తీసుకుంది. రాష్ట్ర రాజధాని కార్సన్ సిటీ, అక్కడి నుంచి బేటీకి వందల మైళ్ల ఎడారి దారి. రోజూ గోతి దగ్గర నిలబడేది కంపెనీ కూలీలే. వాళ్లలో చాలామందిది ఆ చుట్టుపక్కలే.

1976లో బయటపడిన సంగతి ఏంటంటే, ఆ కూలీలు ఏళ్ల తరబడి పెట్టెలు విప్పి పనికొచ్చే సామాను ఇళ్లకు తీసుకుపోతున్నారు. పనిముట్లు, చెక్కలు, అలాంటివి. ద్రవ వ్యర్థాన్ని సిమెంటుతో కలిపి గట్టిపరచడానికి వాడిన మిక్సరును కూడా ఊళ్లోకి తెచ్చి దాంతో కాంక్రీటు వేశారు. అధికారులు రేడియేషన్ కొలిచే యంత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. దొరికినవన్నీ పోగేసి మళ్లీ అదే గోతిలో పాతారు. లైసెన్సు కొన్నాళ్లు ఆపారు, తర్వాత మళ్లీ తెరిచారు.

ఇది చదివినప్పుడు మా రూములో ఒకడు నవ్వాడు, తర్వాత అందరం ఊరుకున్నాం. మంచి రెంచి, బాగున్న చెక్క గోతిలో పడేసి మన్ను కప్పుతుంటే మన ఊళ్లో ఎవరైనా చూస్తూ ఉంటారా? మన నాన్నలే తెచ్చేవాళ్లు. అది కంటికి కనిపించదు, వాసన రాదు, చెయ్యి కాలదు. మన దేశంలోనే 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్టు-60 ఉన్న యంత్రాన్ని విప్పితే ఒక మనిషి చనిపోయాడు. అది వచ్చింది ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మిన సామానులోంచి. చదువుకున్న చోటే లెక్క తప్పితే కూలీని ఏమనగలం? బేటీలో తప్పు కూలీల అత్యాశది అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఏళ్ల తరబడి పెట్టెలు విప్పుతుంటే చూసే కన్ను ఒక్కటి కూడా అక్కడ లేకపోవడమే అసలు సంగతి.

1979లో బేటీకి వచ్చిన లారీల్లో కొన్ని కారుతూ వచ్చాయి, ఒక లారీలో సరుకు గేటు దగ్గరే అంటుకుంది. నెవాడా గవర్నరు గొయ్యి మూయించాడు. వాషింగ్టన్ రాష్ట్రం కూడా తన గొయ్యి మూసింది. అవి కొన్నాళ్లకే మళ్లీ తెరుచుకున్నాయి గానీ, "దేశం చెత్తంతా మేమే మోయాలా" అని గోతులున్న రాష్ట్రాలు గట్టిగా అడిగాయి. దాంతో 1980 చివర్లో కొత్త చట్టం వచ్చింది. ఎవరి చెత్త వాళ్లే చూసుకోవాలి, లేదా నాలుగు రాష్ట్రాలు జట్టుకట్టి ఒక చోటు వెతుక్కోవాలి. జట్టులైతే కట్టారు. కొత్త గొయ్యి మాత్రం ఎవరూ తమ ఊరి పక్కన ఒప్పుకోలేదు. కాలిఫోర్నియా, అరిజోనా, రెండు డకోటాలు కలిసిన జట్టుకు చోటు చూపించాల్సింది కాలిఫోర్నియా. అది చూపించిందే వార్డ్ లోయ. నీడిల్స్ పట్టణానికి పడమరన, కొలరాడో నదికి సుమారు ఇరవై మైళ్ల దూరంలో ఉంటుంది. నడపబోయే కంపెనీ యూఎస్ ఎకాలజీ.

మొహావీ వాళ్లు తమను తాము పిలుచుకునే పేరుకు అర్థం నది వెంట ఉండేవాళ్లు అని. ఆ లోయ వాళ్లకు పవిత్రం, అక్కడి ఎడారి తాబేలు కూడా. ఫోర్ట్ మొహావీ, చెమెహ్వేవి, క్వెచాన్, కోకోపా, కొలరాడో నది తెగలు, ఈ ఐదూ ఒక్కటయ్యాయి. "ఎడారిలో ఎవరుంటారు, ఖాళీ భూమే కదా" అనే మాట వాళ్లూ విన్నారు. మనకు "అడవిలో ఏముంది" అంటారు చూడండి, అదే మాట.

కంపెనీ వాదన సూటిగా ఉంది. అది ఎడారి, వాన పడదు, నీళ్లు కిందికి దిగవు, బేటీ కూడా ఎడారే, అక్కడ ఏమీ కాలేదు కదా అని. 1993లో రాష్ట్ర ఆరోగ్య శాఖ లైసెన్సు ఇచ్చేసింది. భూమి మాత్రం కేంద్రానిది, అదింకా చేతులు మారాలి. అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసే ముగ్గురు శాస్త్రవేత్తలు సొంతంగా ముందుకొచ్చి నీళ్ల గురించి అనుమానాలు రాశారు. 1995లో జాతీయ విజ్ఞాన అకాడమీ కమిటీ పరిశీలించింది. ఎక్కువమంది సభ్యులు నదికి ముప్పు చాలా తక్కువ అన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే శాస్త్రవేత్తలందరూ తెగల వైపే ఉన్నారనడం నిజం కాదు. కానీ అదే ఏడాది, అకాడమీ నివేదిక వచ్చిన కొన్ని నెలలకే, బేటీ సంగతి మళ్లీ బయటికొచ్చింది. గోతుల అవతల మట్టి పొరల్లో ట్రిటియం, కార్బన్-14 ఉన్నాయని భూగర్భ సర్వే చెప్పింది. అక్కడ ఏళ్లపాటు ద్రవ వ్యర్థాలు కూడా పోశారు మరి. ఏమీ కాలేదన్న చోటే అది కదులుతోంది. ఇంతకాలం లోతుగా వెతికినవాళ్లు లేరు కాబట్టే ఏమీ కాలేదనుకున్నారు.

1998 ఫిబ్రవరిలో కేంద్ర భూ శాఖ లోయలో పరీక్షలకు బోర్లు వేయాలి, అక్కడ శిబిరం వేసుకున్నవాళ్లు ఖాళీ చేయండి అని నోటీసు ఇచ్చింది. తెగల పెద్దలు కదల్లేదు. ముసలమ్మలు, ముసలయ్యలు చలిలో అక్కడే కూర్చున్నారు. చుట్టూ యువకులు, పర్యావరణం వాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. 113 రోజులు. జూన్‌లో నోటీసు వెనక్కి తీసుకున్నారు. 1999లో కోర్టు కూడా ఆ భూమి బదిలీ చేసి తీరాలని కేంద్రాన్ని బలవంతపెట్టలేమంది, ఆ నవంబరులో కేంద్రం ఫైలు మూసేసింది.

ఇందులో ఇంకో లెక్క ఉంది, మాకు అన్నిటికన్నా అదే పట్టుకుంది. 1982లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, గొయ్యి మూశాక ప్రభుత్వ కాపలాను నమ్ముకోవాల్సింది వందేళ్ల దాకానే. అందులోనే ఘాటైన తరగతి చెత్తకు మాత్రం తెలియక తవ్వేవాళ్ల నుంచి 500 ఏళ్లు రక్షణ ఉండాలి. మిగతా 400 ఏళ్లు కాంక్రీటు, మన్ను చూసుకోవాలి. తెగల పెద్దలు ఆ నది పక్కన ఎన్ని వందల ఏళ్ల నుంచి ఉన్నారో! ఆఫీసులో పోస్టు ఖాళీ అయితే భర్తీకి ఎన్నేళ్లు పడుతుందో మనకు తెలుసు.

మనుషుల కొరత మన దగ్గరే అనుకోకండి. ఒప్పందం చేసుకున్న రాష్ట్రాలను కేంద్ర సంస్థ పరీక్షించేటప్పుడు చూసేవాటిలో సిబ్బంది, వాళ్ల శిక్షణ ఒక ముఖ్యమైన అంశం. మనుషులు ఉన్నా సరిపోదు. టెక్సస్‌లో 2007లో ఆండ్రూస్ కౌంటీ గోతికి లైసెన్సు ఇవ్వొద్దు, కింద నీళ్లు మరీ దగ్గర ఉన్నాయి అని రాష్ట్ర పర్యావరణ శాఖ నిపుణులే రాసిచ్చారు. పైవాళ్లు వినలేదు. ముగ్గురు ఉద్యోగాలు వదులుకున్నారు. 2009లో లైసెన్సు ఖాయమైంది. ఆ శాఖ పెద్దాధికారి పదవి దిగాక అదే కంపెనీకి లాబీయిస్టుగా చేరాడు. మేడెక్కి తాళం చూసొచ్చినవాడి మాట రిజిస్టరులోకి ఎక్కకపోతే ఎక్కినా ఒకటే, ఎక్కకపోయినా ఒకటే.

బేటీ గొయ్యి 1992 చివర్లో మూతపడింది. తర్వాత దాని బాధ్యత రాష్ట్రానికి వచ్చింది. 2015 అక్టోబరు 18న గట్టి వానల తర్వాత ఒక పాత గొయ్యి పేలింది. కప్పిన మన్నులోంచి నీళ్లు దిగి, తుప్పు పట్టిన డ్రమ్ముల్లోని సోడియం లోహానికి తగిలాయి. డ్రమ్ములు పైకి ఎగిరాయి, రెండు కంచె బయట పడ్డాయి. హైవే మూసేశారు. రేడియేషన్ బయటికి వచ్చినట్టు కొలతల్లో తేలలేదు, అదొక్కటే నయం. మూసి ఇరవై మూడేళ్లే. వందలో నాలుగో వంతు కూడా గడవలేదు.

మన దగ్గరికి వస్తే, అణుశక్తి నియంత్రణ బోర్డు 1983లో ఏర్పడింది. 2012లో కాగ్ నివేదిక అది ఇంకా ప్రభుత్వం కింద ఉన్న సంస్థే, నిబంధనలు చేసే అధికారం లేదని రాసింది. దేశంలోని వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 91 శాతం రిజిస్టరు కాకుండా నడుస్తున్నాయని కూడా రాసింది. ఆసుపత్రి గదిలో ఉన్న యంత్రం లెక్కే అంత తక్కువ. లంబాపూర్, పెద్దగట్టు తండాల దగ్గర యురేనియం తవ్వుతామని 2003లో బహిరంగ విచారణ పెట్టారు. 2019లో అమ్రాబాద్ చెంచుల అడవిలో అన్వేషణ మాట వచ్చినప్పుడు జనం లేచారు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, మిల్లు ఉన్నాయి, మిల్లు మట్టి నింపే చెరువు కూడా ఉంది. యురేనియం మట్టి వేరు, బేటీ చెత్త వేరు, చట్టంలో రెండింటికీ పేర్లు వేరు. కాపలా ప్రశ్న మాత్రం ఒకటే.

2003 విచారణ నాటికి మాలో చాలామంది పుట్టనేలేదు. ఆ రోజు అక్కడ కూర్చున్న అన్నలు, అక్కలు, తాతలు ఈ గ్రూపులో ఎవరైనా ఉంటే, ఎవరు ఏం అడిగారో, అధికారులు ఏం జవాబిచ్చారో గుర్తున్నంత చెప్పండి. ఆడియో పంపినా సరే, మేము కూర్చుని రాసుకుంటాం. ముఖ్యంగా ఒకటి: గని మూసేశాక అక్కడ ఎవరుంటారు, ఎన్నేళ్లుంటారు అని ఆ రోజు ఎవరైనా అడిగారా?