గాజుపూత లేని కూజా
ఉత్తర తెలంగాణ కుండలు, ఇస్లామీయ మృణ్మయ కళ

మృణ్మయ కళాచరిత్ర వ్రాసినవారిలో అనేకులు గాజుపూతను నాగరికతకు కొలబద్దగా తీసుకొన్నారు. పూత గల పాత్ర ప్రదర్శనశాలలో అద్దాల బీరువాకు ఎక్కినది. పూత లేని కుండ నేలమాళిగలోని పెంకుల సంచులలో మిగిలిపోయినది. ఈ దృష్టితో చూచినపుడు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఒక చిక్కుప్రశ్నగా కనిపించును. గాజుపూతలో ప్రపంచానికే పాఠం చెప్పిన సంస్కృతికి వారసులైన పాలకుల క్రింద ఈ ప్రాంతం అయిదు శతాబ్దాలకు పైగా ఉన్నది. అయినను ఇక్కడి కుమ్మరి తన కుండకు గాజుపూత వేయలేదు. ఇది కుమ్మరి వెనుకబాటుతనమని కొందరు, పాలకుల సంస్కృతి పల్లె గడప దాటలేదనుటకు నిదర్శనమని మరికొందరు భావించుట కలదు. ఈ రెండు అభిప్రాయాలకూ ఆధారమైన ఊహ ఒకటే: పూత తెలిసినవాడు ప్రతి పాత్రకూ పూత వేసియే తీరునని. ఇస్లామీయ ప్రపంచపు కుమ్మరుల ఆచరణ ఈ ఊహను బలపరచదు.

ముందుగా పదాలను విడదీసి చూడవలసి ఉన్నది. ఆరిన కుండను నున్నని గులకరాయితో రుద్ది మెరుగు పెట్టుట ఒకటి. పలుచని మట్టినీటిని గాని, జాజును గాని పూసి కాల్చుట మరొకటి. ఈ రెండూ గాజుపూతలు కావు. గాజుపూత, అనగా గ్లేజు, నిజముగా గాజే. ఇసుకలోను చెకుముకి రాతిలోను ఉండే సిలికా దానికి మూలద్రవ్యం. సిలికా ఒంటిగా కరుగుటకు 1700 డిగ్రీలు దాటిన వేడి కావలెను. సీసపు భస్మమో, మొక్కల బూడిద నుండి తీసిన క్షారమో కలిపినచో చాల తక్కువ వేడికే కరిగి, కుండ ఒంటికి అంటుకొని, చల్లారిన పిదప నీరు చొరని పొరగా నిలుచును.

ఈ భేదం తెలియక పొరబడుట సులభం. కదంబాపూర్, పెద్దబంకూరు వంటి చోట్ల బయల్పడిన బృహచ్ఛిలా సమాధులలోని నలుపు-ఎరుపు పాత్రలు నేటికీ మెరయుచుండును. ఆ మెరుపు రాపిడి వలన వచ్చినదే. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల తవ్వకాలలో శాతవాహనుల కాలపు పట్టణ జీవితం బయటపడినది. ఒక్క పెద్దబంకూరులోనే సుమారు 22 వేల నాణెములు దొరికినవి. ఇటుక బావులు, మట్టి ఒరల బావులు కనిపించినవి. అంతటి సంపద గల ఊరిలో కుమ్మరి ఎరుపు పూతతో, మెరుగుతో, ఒత్తిన గీతలతో సంతృప్తి చెందినాడు. కనుక పూత లేకపోవుటకు పేదరికం కారణమనుటకు వీలులేదు.

ఇక ఇస్లామీయ ప్రపంచం వైపు చూతము. క్రీ.శ. 9వ శతాబ్దిలో ఇరాఖ్‌లోని బస్రా కుమ్మరులు చీనా నుండి వచ్చిన తెల్లని పాత్రలను చూచి, తమ పసుపుపచ్చని మట్టితో అట్టి తెల్లదనం ఎట్లు సాధింతుమని ప్రయత్నించిరి. చీనా తెల్లమన్ను వారి వద్ద లేదు. వారు పూతలో తగరపు భస్మం కలిపి దానిని పాలవలె తెల్లగా మార్చిరి. ఆ తెలుపుపై కోబాల్టు నీలంతో వ్రాసిరి. తరువాత లోహపు తళుకు గల చిత్రణను కనిపెట్టిరి. బంగారు, వెండి పాత్రలలో భుజించుటను హదీసులు నిషేధించినందువలననే ఈ తళుకు పాత్రలు పుట్టినవని తరచు చెప్పుదురు. ఈ వాదమును అతిగా సాగదీయరాదు. రాజప్రాసాదాలలో బంగారు పాత్రలు ఆగలేదు. తళుకు పాత్రను కొన్నవాడు బంగారం కొనలేని నగరవాసి అనుటయే ఎక్కువ సమంజసం.

తగరపు పూతకు ఒక పరిమితి కలదు. అది దుప్పటివలె క్రింద ఉన్నదానినంతటిని కప్పివేయును. నున్నని పాత్రకు అది మేలు. చెక్కడం, అచ్చుపోత గల పాత్రకు అది చేటు. అందుచేత అదే శతాబ్దిలో అచ్చులో ఒత్తి తీసిన ఉబ్బెత్తు నగిషీ పాత్రలకు ఇరాఖ్ కుమ్మరులు పారదర్శకమైన సీసపు పూతను ఎన్నుకొనిరి. రంగుపూత గరుకు ఒంటిపై పోసినపుడు గుంటలలోనికి జారి చిక్కనగును, మిట్టలపై పలుచనగును. ఒకే రంగు గుంటలో ముదురుగా, మిట్టపై లేతగా కనిపించి, చెక్కినవాని చేతిపనిని చూపును. చీనాలో లుంగ్‌చువాన్ కొలుములలోని పచ్చని పాత్రల అందం కూడ ఈ సూత్రముపైననే ఆధారపడినది. ఆ పాత్రలనే మనదేశపు దర్బారులలో 'గోరీ' అని పిలిచి, విషం కలిసిన అన్నం వడ్డించినచో పగులునని నమ్మిరి.

రంగుల ఎంపిక మరింత సున్నితమైన పని. రాగి భస్మం క్షారపు పూతలో ఫిరోజా రంగునిచ్చును. అదే రాగి సీసపు పూతలో ఆకుపచ్చగా మారును. ఇనుము పసుపు, గోధుమ వర్ణాలను, మాంగనీసు ఊదారంగును ఇచ్చును. సీసపు పూత కరిగినపుడు రంగులు పరుగెత్తును, గీసిన గీత చెదరును. దీనికి నిషాపూర్ కుమ్మరులు 10వ శతాబ్దిలో రంగును మట్టినీటిలో కలిపి గీసి, పైన పూత వేయు ఉపాయం కనుగొనిరి. మరికొందరు గీతను పాత్రపై లోతుగా గీకి, ఆ గాడినే రంగులకు గట్టుగా వాడుకొనిరి. ఈ పద్ధతికి చెందిన 12వ శతాబ్దిపు పాత్రలను నేడు 'లఖబీ' అని పిలుచుచున్నారు. మడికట్టు వరిపొలంలో నీటిని ఆపినట్లు ఇక్కడ గీత రంగును ఆపును. అయితే అన్నివేళల ఆపలేదని ఆ పాత్రలను చూచినవారికి తెలియును.

పూత వేయు విధములు కూడ పాత్రను బట్టి మారును. ఒకసారి కాల్చిన పాత్రను పూతనీటిలో ముంచుట, పై నుండి పోయుట, కుంచెతో రాయుట అన్నియు వాడుకలో ఉండినవి. గరుకు పాత్రకు కుంచె అంత పనికిరాదు. గాడులలో పూత అందక గాలిబుడగలు నిలిచి, కాల్చినపుడు సూదిబెజ్జములు పడును. ముంచినను, పోసినను అడుగును మాత్రం పూత లేకుండ తుడిచివేయవలెను, లేనిచో పాత్ర కొలిమి అరకు అంటుకొనును. గిన్నెలను ఒకదానిపై నొకటి పేర్చునపుడు మధ్య మూడుకాళ్ల మట్టిదిమ్మెలు పెట్టుదురు. ఆనాటి గిన్నెల లోపల నేటికీ కనిపించు మూడు చిన్న మచ్చలు వాని గుర్తులే.

ఈ విద్యను గ్రంథస్థం చేసినవారిలో అబుల్ ఖాసిం కాషానీ ముఖ్యుడు. కాషాన్ నగరపు ప్రసిద్ధ కుమ్మరి వంశంలో పుట్టిన ఈయన హి. 700 (క్రీ.శ. 1301) ప్రాంతంలో రత్నములను, సుగంధద్రవ్యములను గూర్చిన తన పారసీక గ్రంథంలో మృణ్మయ కళకు ఒక అధ్యాయం కేటాయించెను. పాత్ర ఒంటికి పది పాళ్లు నూరిన తెల్లరాయి, ఒక పాలు గాజు, ఒక పాలు తెల్లమన్ను అని ఆయన లెక్క. ఈ లెక్కలో ఒక రహస్యం కలదు. పూత, ఒడలు రెండూ ఒకే జాతి ద్రవ్యం కావున చల్లారునపుడు కలిసి కుదించుకొనును, పూత చిట్లదు. మనదేశంలో జయపూర్ నీలి పాత్రలు కూడ ఇట్టి రాతిపిండి పాత్రలే.

ఇంతటి విద్య గల కుమ్మరులు నీటి పాత్రకు వచ్చుసరికి ఏమి చేసిరి? పూత మానివేసిరి. కైరో సమీపంలోని ఫుస్తాత్ శిథిలాలలో దొరికిన నీటికూజాల మెడలు ఇందుకు సాక్ష్యం. కూజా మెడలో పురుగు పుట్ర పడకుండ ఒక మట్టి జల్లెడ ఉండును. ఆ జల్లెడలను పక్షులు, ఏనుగులు, అక్షరములు, నక్షత్రములుగా చెక్కిరి. త్రాగువానికి తప్ప మరొకరికి కనిపించని చోట అంతటి పనితనం చూపిరి. అయినను వానిలో అత్యధికం గాజుపూత లేనివే. అదే నగరంలో అదే కాలంలో తళుకు పాత్రలు తయారగుచుండెను. కనుక పూత తెలియక కాదు. పూత లేని ఒంటి నుండి నీరు సన్నగా ఊరి, ఆవిరియై, లోపలి నీటిని చల్లబరచును. పూత వేసినచో ఆ ఊట ఆగిపోవును.

ఇప్పుడు దక్కనుకు రాదము. గాజుపూత ఇక్కడికి వచ్చినది. కాని పాత్రగా గాక ప్రధానంగా గోడపలకగా వచ్చినది. గీలాన్ నుండి వచ్చిన మహమూద్ గవాన్ 1472లో బీదరులో నిర్మించిన మదరసా ముఖభాగం, మీనారు రంగు పలకలతో నిండి ఉండెను. 1696 నాటి పేలుడులో కొంత భాగం కూలినను మిగిలినది నేటికీ నిలిచి ఉన్నది. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై 1611 నాటి పలకలను చూచినవారు ఆ పనితనం మరువలేరు. ఒక్కొక్క రంగుకు కావలసిన వేడి వేరు కనుక, పలకలను రంగుకొక విడతగా కాల్చి, ముక్కలుగా కోసి, గోడపై చిత్రముగా కూర్చిరి. పాత్రపై రంగులు కలిసిపోవు ఇబ్బందికి ఇది పూర్తి పరిష్కారం. 1908 మూసీ వరదలో క్రింది భాగం పలకలు దెబ్బతినగా ఆ చోట రంగులతో చిత్రించి సరిపెట్టిరి. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషాను 1687 తరువాత బంధించిన దౌలతాబాదు కోటలోని భవనానికి చీనీ మహల్ అని పేరు. ఆ పేరు దాని గోడలకు పొదిగిన మెరుగు పలకల వలన వచ్చినది.

ఉత్తర తెలంగాణ కోటలకు మాత్రం ఈ పలకలు రాలేదు. ఎలగందుల, జగిత్యాల, నిర్మల కోటలు సరిహద్దు సైనిక స్థానములు. అక్కడ రాయి, డంగుసున్నం, గచ్చు ప్రధానం. కుతుబ్‌షాహీల కాలంలోనే దక్కను మేస్త్రీలు పలక పనిని తగ్గించి గచ్చు నగిషీలో ఆరితేరియుండిరి.

పాలకుల సంస్కృతి పల్లెకు చేరలేదనువారు మాటలను గమనింపలేదు. 'కూజా' పారసీక పదం. సన్నని మెడ గల 'సురాయి' పారసీకపు 'సురాహీ'. కుమ్మరి ఆ రూపములను నేర్చెను, ఆ పేర్లను వాడెను, పూతను మాత్రం తీసుకొనలేదు. సొంత దేశంలో కూడ కూజాకు పూత అక్కరలేదు కనుక, పారసీక కుమ్మరి తర్కమునే తెలంగాణ కుమ్మరి కూడ అనుసరించినట్లయినది. ఇంటి ఇల్లాలికి ఈ తర్కం సంపూర్ణముగా తెలియును. త్రాగునీరు రంజన్‌లో పోయును, ఆవకాయ జాడీలో పెట్టును. ఉప్పు, పులుపు గల పచ్చడిని పచ్చికుండలో పెట్టినచో ఒడలంతా ఉప్పు పొంగి పెచ్చులూడును. నీటిని జాడీలో పోసినచో చల్లబడదు.

ఇక సాంకేతిక కారణములు కూడ కలవు. ఈ జిల్లాల చెరువుమన్నులో ఇనుము ఎక్కువ. అది తక్కువ వేడికే గట్టిపడును, ఎక్కువ వేడికి వంగిపోవును. కుండలను పేర్చి, గడ్డి, పేడపిడకలు, చెత్తకట్టెలు కప్పి కాల్చు ఆవంలో వేడి 700, 800 డిగ్రీలకు అటూ ఇటూ ఉండును. మంట నేరుగా కుండను తాకును. సీసపు పూత కరుగుటకు ఆ వేడి ఒకవేళ చాలినను, పొగ సోకిన చోట పూత నల్లబడి పొంగును, బూడిద అంటి గరుకెక్కును. పూతకు మూతగల కొలిమి కావలెను, రెండుసార్లు కాల్చుటకు రెట్టింపు కట్టెలు కావలెను, సీసం కొనవలెను. గింజలకు బదులు ఏడాది పొడుగునా కుండలిచ్చు గ్రామ కుమ్మరికి ఈ ఖర్చును ఎవరు భరింతురు? సీసపు పొడి పీల్చిన కుమ్మరికి, పులుపు పదార్థములో కరిగిన సీసం తిన్నవారికి కలుగు హాని మాట వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత అతని నేర్పు అంతయు ఒంటి గరుకుపై వికసించెను. లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టుట వలన కుండ పలుచబడును. మెడ చుట్టు వేలితో నొక్కిన పట్టెలు పట్టుకు ఉపయోగించును. జాజు పూత పెదవికీ భుజానికీ వన్నె తెచ్చును. మన్నులో కలిపిన ఇసుక, బూడిద, ఊక వలన సన్నని రంధ్రములేర్పడి నీరు ఊరును. ఎండాకాలంలో రంజన్ పనికివచ్చునా లేదా అన్నది ఈ రంధ్రముల మీదనే ఆధారపడి ఉండును.

ఇటీవల ఈ విషయం కేవలం చరిత్ర చర్చగా మిగలలేదు. శీతల యంత్రములతో పోటీపడలేని కుండను అమ్ముడుపోవు వస్తువుగా మార్చుటకు నూనెరంగులు, వార్నిషు పూయుట బజారులలో వ్యాపించినది. అలంకారపు కుండకు అది చెల్లును. రంజన్‌కు, కూజాకు బయట ఆ పొర వేసినచో ఊట మూసుకొనును. కొన్నవాడు నీరు చల్లబడుట లేదని కుమ్మరినే నిందించును. కొత్త పూతలను నేర్పదలచినవారు మొదట ఏ పాత్రకు పూత వలదో నిర్ణయించుట మంచిది. దీపపు కుందెలు, పూలపాత్రలు, ఉబ్బెత్తు నగిషీ గల గోడపలకలు పారదర్శక పూతకు తగినవి. మూతగల చిన్న కొలిమి, సీసం లేని పూత ఉన్నచో అవి ఇక్కడ కూడ సాధ్యమే.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్య నాడు నాగోబా జాతర మొదలగును. దానికి ముందు మెస్రం వంశపు గోండులు సిరికొండ కుమ్మరుల వద్దకు పోయి, కావలసిన కుండలు చేసిపెట్టుమని చెప్పి వత్తురు. హస్తినమడుగు వద్ద ముంచిన గోదావరి నీరు కాలినడకన కేస్లాపూరుకు చేరును. వంశపు ఆడపడుచులు, కోడళ్లు కోనేటి నీటిని ఆ కొత్తకుండలతో మోసి తెచ్చి, పుట్టమన్ను తడిపి పుట్టలు కట్టుదురు. ఆ కుండలకు గాజుపూత ఉండదు; తలపై ఎత్తుకొని వచ్చునప్పటికే వాని అడుగులు తడిసి ఉండును.